అమ్మ రక్తంలో ఏముందో చూడటానికి వరంగల్ వెళ్లాం

వరంగల్ వెళ్లొచ్చామని చెప్పగానే విశాఖపట్నంలో మా వీధివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "వేయి స్తంభాల గుడి చూశారా?" అని. చూడలేదు. రెండోది కోట గురించి. అదీ చూడలేదు. "మరి మూడు రోజులు ఏం చేశారండీ?" అని మొహం చిట్లించారు. ఆ మూడు రోజుల సంగతే ఇప్పుడు రాస్తున్నాను. గుడీ కోటా కావలసినవాళ్లు ఇంకెవరిదైనా చదువుకోండి, నేనేమీ అనుకోను.

వెళ్లింది నేనూ, బ్యాంకులో పనిచేసే మా అమ్మాయి నీరజా. నాకు అరవై రెండేళ్లు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పదకొండేళ్ల వయసు దాకా కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగాను. నాన్నకు బెజవాడ బదిలీ అయ్యాక మళ్లీ ఆ వైపు తొంగి చూడలేదు. నీరజకు ఐదో నెల. కడుపుతో ఉన్న పిల్లను ఊళ్లు తిప్పుతావా అని మా ఆవిడ ఇప్పటికీ సాధిస్తూనే ఉంది. డాక్టరమ్మను అడిగే వెళ్లాం, అది వేరే సంగతి.

వెళ్లడానికి కారణం ఒక కాగితం. కడుపు నిలిచిన దగ్గర్నుంచీ నీరజ దిగులులో పడింది. మామూలు దిగులు కాదు, మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాల్సినంత. మందులు మొదలయ్యాయి. ఈలోగా ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఏదో కంపెనీకి ఉమ్మి పంపి జన్యు పరీక్ష చేయించుకుంది. ఆ రిపోర్టులో ఒక్క వరుస దగ్గర ఆగిపోయింది. ఆక్సిటోసిన్ గ్రాహక జన్యువు: ఏ, ఏ. తర్వాత నా చేత కూడా ఉమ్మి వేయించింది. నాకూ అదే. వెంటనే చెప్పేస్తున్నాను, వెళ్లొచ్చాక కూడా నీరజ మందులు వేసుకుంటూనే ఉంది. ఇది చదివి ఎవరూ మందులు మాని రైలెక్కకండి.

రైల్లో

డాక్టరమ్మ మాకు ఓపికగా చెప్పింది. ఆక్సిటోసిన్ అనేది పురుటి నొప్పులప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు, మనిషిని మనిషి దగ్గరకు తీసుకున్నప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్. ఊరితే చాలదు, దాన్ని అందుకునే గ్రాహకం కూడా ఉండాలి. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో ఒకచోట కొందరికి జి అనే అక్షరం, కొందరికి ఏ అనే అక్షరం ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండూ ఏ అయినవాళ్లు ఎదుటివారి మనసు అందుకోవడంలో కాస్త వెనకబడతారనీ, దిగులు వారికి కాస్త ఎక్కువనీ కొన్ని పరిశోధనలు అన్నాయి. అలాంటిదేమీ మాకు కనబడలేదని మరికొన్ని అన్నాయి. "తేడా ఉన్నా చాలా చిన్నది. పెరిగిన ఇల్లు, చుట్టూ ఉన్న మనుషులు, అన్నీ కలిస్తేనే మనిషి. ఒక్క అక్షరంతో ఎవరి జాతకమూ చెప్పలేం" అంది డాక్టరమ్మ. నీరజ బుర్రూపింది. బుర్రూపింది కానీ నమ్మలేదు.

రైలు కదిలాక కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"నాన్నా, నానమ్మ నిన్నెప్పుడైనా ఎత్తుకుందా?"

"ఎత్తుకోకుండా ఎలా పెరుగుతానే?"

"అది లెక్కలోకి రాదు. నీకు గుర్తున్నది చెప్పు."

నాకేమీ గుర్తు రాలేదు.

"పోనీ జ్వరం వచ్చినప్పుడు?"

"మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నాన్నను పిలిచి, ఒళ్లు కాలుతోందేమో చూడమనేది."

"తను చెయ్యి వేసేది కాదా?"

లేదన్నాను. మా అమ్మను నేను 'అక్కా' అని పిలిచేవాణ్ణి. మామయ్యలు పిలుస్తుంటే విని అలవాటైందని ఇంట్లో అనుకునేవాళ్లం. ఆమె నన్ను నా పేరు పెట్టి తప్ప ఇంకెలాగూ పిలవలేదు. నీరజ పుట్టడానికి ఏడాది ముందు చనిపోయింది.

"నువ్వూ అంతేగా నాన్నా. టెన్త్‌లో స్కూల్ ఫస్ట్ వస్తే షేక్‌హ్యాండ్ ఇచ్చావు."

నిజమే, ఇచ్చాను. అప్పట్లో అది గొప్ప విషయమే అనుకున్నాను.

"మీ అమ్మ నుంచి కూడా ఒక ఏ వచ్చి ఉండాలి కదా" అని వాదించాను. "మీ అమ్మ వీధిలో కనబడ్డ ప్రతి పిల్లినీ ఎత్తుకుంటుంది. దానికేమంటావు?"

"అమ్మకు రెండోది జి అయ్యుంటుంది" అంది తడుముకోకుండా. తర్వాత గొంతు తగ్గించింది. "నానమ్మ, నువ్వు, నేను. మూడు తరాలు. నాలుగోది నా కడుపులో ఉంది. పుట్టాక దాని మొహం చూసి నాకేమీ అనిపించకపోతే? అదొక్కటే నాకు భయం. నానమ్మ నిజంగా అలాంటి మనిషేనా, లేక ఏదైనా జరిగిందా? తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారు కదా?"

అందుకే వెళ్లాం. రైల్లో కొన్న టమాటా సూపు నా చొక్కా మీద సగం పోసుకున్నాను. మరక ఇప్పటికీ పోలేదు.

కాజీపేట

కాజీపేటలో దిగగానే చిన్నతనం ముక్కులోంచి వచ్చింది. తడిసిన కంకర, ఇనుము, డీజిలు కలిసిన వాసన. మా రోజుల్లో అందులో బొగ్గు కూడా ఉండేది. అప్పుడు మా ఇళ్లలో గడియారం ఎవరూ చూసేవారు కాదు. మద్రాసు బండి వెళ్తే పొయ్యి వెలిగించాలి, ఢిల్లీ బండి వెళ్తే బడికి పరుగెత్తాలి. బండి ఆలస్యమైతే మా క్వార్టర్ల లైనులో పిల్లలందరం బడికి ఆలస్యమే. టీచరు కూడా రైల్వే క్వార్టర్లలోనే ఉండేది కాబట్టి కొట్టేది కాదు.

క్వార్టర్ల దగ్గర నీరజను ఒక ఇంటి ముందు నిలబెట్టి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఇదిగో ఈ అరుగు మీదే పలక పగలగొట్టాను, ఈ కిటికీ ఊచల్లోనే తల ఇరుక్కుంది అని. నా గొంతు కాస్త గద్గదమైంది కూడా. లోపలి నుంచి ఒకామె వచ్చి, "ఈ లైన్ కొత్తగ కట్టిన్రు సారూ. పాతయి ఎన్కకున్నయి, సగం కూలగొట్టిన్రు" అంది. చాలా రోజుల తర్వాత నీరజ నవ్వడం చూశాను. ఆ నవ్వు కోసం నా తల ఇంకో నాలుగు కిటికీల్లో ఇరుక్కుందని చెప్పేవాణ్ణే.

పాత లైను దగ్గర చాయ్ బండి ఉంది. చాయ్ పదిహేను రూపాయలు. మా ఊళ్లో 'టీ' అంటే నీళ్లలా ఇస్తారు, ఇక్కడ చెంచా వేస్తే నిలబడేలా ఉంది. పాతవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే బండి అతను, బెంచీ మీద పేపరు చదువుతున్న బట్టతల మనిషిని చూపించాడు. ఆయన కళ్లజోడు పైకెత్తి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవలు? పెంటన్నవా?"

పక్క క్వార్టరు ఐలయ్య! నాకంటే రెండేళ్లు చిన్న. రైలు నడిపి రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అవును, నా పేరు పెంటయ్య. నవ్వుకునేవాళ్లు ఇక్కడే నవ్వుకోండి. కోస్తా వాళ్లకు తెలియకపోవచ్చు, పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో ఇంకో బిడ్డ పుడితే, తీసుకెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. వేరే ఆమె చేటెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొంటుంది. చెత్తలోంచి కొన్న బిడ్డ కనుక మృత్యువు కన్ను పడదని నమ్మకం. నన్ను కొన్నది కొమురమ్మ అని మా లైనులోనే ఉండే ఆవిడ. ఇది మా ఇంట్లో ఒక హాస్యం. అంతకుమించి నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

నీరజ నేరుగా ఐలయ్యనే అడిగింది. "బాబాయ్, మా నానమ్మ ఎలాంటి మనిషి?"

"సత్తెమ్మ పెద్దమ్మనా? అట్లాంటి మనిషి మల్ల పుట్టది బిడ్డా. మా అమ్మ దవాఖానల ఉంటే మూడు నెల్లు నన్ను సంకల ఏస్కోనే తిరిగింది. ఈ లైన్ల పోరగాండ్లందరం ఆమె ఒళ్లెనే పండుకున్నం. నేనైతే ఆమె కొంగు నోట్ల వెట్టుకుంటెగని నిద్రపోకపోయేటోణ్ణి."

నీరజ నా వైపు చూసింది. నేను చాయ్ గ్లాసు వైపు చూశాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. ఆ ఒడి ఐలయ్యకు ఉంది, లైనంతటికీ ఉంది, నాకొక్కడికే లేదు. అరవై రెండేళ్ల వయసులో బట్టతల మనిషి మీద అసూయపడటం సిగ్గుగా ఉంటుంది. అయినా పడ్డాను.

"మరి నాన్నను ఎందుకు ఎత్తుకునేది కాదు?" అంది నీరజ.

ఐలయ్య పేపరు మడిచాడు. "గది కొమురవ్వనే చెప్పాలె. ఇంక బతికే ఉన్నది. తొర్రూర్ల వాళ్ల తమ్ముని ఇంట్ల ఉంటాంది. జర పొయ్యి కలువుండ్రి."

హన్మకొండ

రెండో రోజు నీరజ నీరసంగా ఉందని హన్మకొండలోనే ఆగాం. సాయంత్రం చౌరస్తా దగ్గర ఒకామె గిన్నెల్లో సర్వపిండి ఒత్తుతుంటే అక్కడ చేరాం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి నూనె పోస్తారు. ఒకటి నలభై రూపాయలు. మా అట్లు దీని ముందు తలవంచుకోవాల్సిందే. పక్క గిన్నెను కదిపి వేలు కాల్చుకున్నాను.

ఆమె పేరు అడగలేదు. నీరజను చూసి, అడక్కుండానే కడుపు మీద చెయ్యి వేసి, "ఎన్నో నెల బిడ్డా?" అంది. మా వైపు కొత్తవాళ్లు ఇలా చెయ్యి వేస్తే నీరజ ఆమడ దూరం జరుగుతుంది. ఇక్కడ జరగలేదు. నేను డబ్బాలో నీళ్లతో వేలు తడుపుకుంటూ అటు తిరిగి ఉన్నాను. వినబడింది.

"అక్కా, నాకు ఈ బిడ్డ మీద ఏమీ అనిపించడం లేదు."

నా దగ్గర, తల్లి దగ్గర, మొగుడి దగ్గర అంత సూటిగా అనలేదు ఆ పిల్ల. ఆమె గిన్నె మీద మూత పెట్టి, తాపీగా అంది.

"నాకు గూడ పెద్దపోరి పుట్టినప్పుడు ఏమనిపియ్యలే. మూడు నెల్లు దాని మొకం సూడబుద్ధి గాలే. మా అత్త తిట్టింది, మా ఆయన దవాఖానకు తీస్కపోయిండు. గోళీలిచ్చిన్రు. మెల్లమెల్లగ అయింది. గిప్పుడు అది ఇంటర్ సదువుతాంది, ఆల్శమైతె నా పానం ఆగది. ఫికర్ చెయ్యకు, వచ్చేది వస్తది."

ఇంకో సర్వపిండి నీరజ చేతిలో పెట్టింది. నీరజ రెండూ తిని నాది కూడా సగం తీసుకుంది.

తొర్రూరు

మూడో రోజు బస్సులో తొర్రూరు వెళ్లాం. దారి పొడుగునా ఒకవైపు పత్తి, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు. బస్సు డ్రైవరు వడ్ల మీదకు పోకుండా, ఎదురుగా వచ్చే లారీకి దొరక్కుండా నడిపాడు. చిన్నప్పుడు ఎండాకాలంలో ఈ దారిన మామయ్య సైకిలు మీద వెనక కూర్చుని వెళ్లినవాణ్ణి. అప్పుడు పట్టుకోవడానికి మామయ్య నడుము ఉండేది. అంత ఆబగా ఎందుకు పట్టుకునేవాణ్ణో ఇప్పుడు తెలుస్తోంది.

కొమురమ్మకు ఎనభై దాటాయి. చూపు మసక, చెవులు మాత్రం పాము చెవులు. గడప పక్కన చాప మీద కూర్చుని ఉంది. వంగి, "నేను పెంటయ్యను. కాజీపేట సత్తెమ్మ కొడుకును" అన్నాను.

ఆమె నా చెయ్యి దొరకబుచ్చుకుంది. "సత్తెమ్మ కొడుకువు గాదు, నా కొడుకువు. తవుడిచ్చి కొనుక్కున్న."

నవ్వాం. ఆమె నవ్వలేదు.

నీరజ ఆమె ముందు చాప మీద కూలబడింది. "అవ్వా, మా నానమ్మ నాన్నను ఎందుకు దగ్గరకు తీసుకోలేదు?"

"ఎట్ల తీస్కుంటది బిడ్డా? ముగ్గురు పొయ్యిన్రు దానికి. నాలుగోడు వీడు. పెద్దోళ్లు చెప్పిన్రు, పన్నెండేండ్లు నిండేదాక వీడు నీ కొడుకని ఎవ్వలకు తెల్వద్దని. ముద్దు వెట్టుకోవద్దు, కొడుకా అని పిలువద్దు, వాడు నిన్ను అమ్మా అనొద్దు. పన్నెండు నిండినంక కొన్నోళ్లకు తవుడు వాపస్ ఇచ్చి తీస్కోవాలె. గట్లయితేనే దక్కుతడని."

"మరి పాలు?"

"పాలియ్యకుంటె ఎట్ల? ఇచ్చేది. మొకం గోడదిక్కు తిప్పుకోని ఇచ్చేది. వీడు మొకం ఇటు తిప్పుమని చెయ్యి వెట్టి గదుమ గుంజుతాంటే కండ్లకెల్లి నీళ్లు గారేటియి గని, ఇటు తిరుగకపోయేది."

నీరజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాలిచ్చేటప్పుడు ఆ హార్మోన్ ఊరుతుందని డాక్టరమ్మ చెప్పిన మాట ఇద్దరికీ గుర్తొచ్చింది. మా అమ్మకు అది ఊరకపోవడం కాదు. ఊరినదాన్ని ఆపుకుంటూ కూర్చుంది. మిగిలినదంతా ఐలయ్యకూ ఊళ్లో పిల్లలకూ పోసింది.

"మరి పన్నెండు నిండాక?" అన్నాను. "బెజవాడ వెళ్లిపోయాం కదా."

కొమురమ్మ నా చెయ్యి వదిలేసింది.

"వచ్చింది. ఒక్కతే వచ్చింది, తవుడు మూట వట్టుకోని. నేను లోపల్నే ఉన్న. కొమురవ్వా, కొమురవ్వా అని పిల్సింది. అర్ధగంట అరుగు మీద కూసున్నది. నేను గొళ్లెం తియ్యలే." ఊపిరి తీసుకుంది. "నాకు కడుపు పండలే కొడుకా. వాపస్ ఇస్తే నాకు కొడుకున్నడన్న మాట గూడ పోతదనుకున్న. మల్ల వస్తదేమో, అప్పుడిద్దామనుకున్న. రాలే. ఆ ఏడే మా ఆయన పొయ్యిండు, నేను ఈడికొచ్చిన."

లేచి నిలబడ్డాను. కోపం తన్నుకొచ్చింది. బెజవాడలో ఏడో తరగతి చదువుతున్నప్పటి సంగతి గుర్తొచ్చింది. ఒకరోజు మా అమ్మ పొద్దున పోయి సాయంత్రం వచ్చి, తెచ్చిన తవుడు మూటను పక్కింటి గేదెకు పోసింది. ఎక్కడికి వెళ్లావక్కా అంటే పని మీద అంది. ఈ నమ్మకాలన్నీ పిచ్చి అని నాన్న కొట్టిపారేసేవాడు కాబట్టి ఆయనతోనూ చెప్పుకుని ఉండదు. ఆమె చివరి రోజుల్లో ఆసుపత్రిలో చెయ్యి పట్టుకోబోతే గబుక్కున లాక్కుంది. ఆ కోపం నేను ఇన్నేళ్లూ పెట్టుకున్నాను. ఆమె లెక్క ప్రకారం నేనింకా వాపసు రాలేదు. ముట్టుకుంటే నాకేదో అవుతుందని పోయేముందు కూడా భయపడింది. ఒక్క గొళ్లెం తీసి ఉంటే నాకు అమ్మ ఉండేది.

ఆ మాటే పైకి అనేశాను. కొమురమ్మ తల వంచుకుంది. "తప్పే" అంది. "సచ్చిపొయ్యేలోపు ఇచ్చెయ్యాలని ఉన్నది. గని కొనుక్కునేటోళ్లు ఎవలున్నరు?"

"నేనున్నాను" అంది నీరజ.

ఇద్దరం అటు తిరిగాం.

"నేను ఆయన కూతుర్ని. నేను కొనుక్కోవచ్చా అవ్వా?"

"అయినోళ్లెవలైన కొనచ్చు. పొయ్యి తవుడు తే."

రైసు మిల్లు

తొర్రూరులో తవుడుకేం కరువు! వీధి చివరే మిల్లు. నీరజ అరకిలో తవుడు అడిగితే లోపలివాళ్లు నవ్వారు. వాళ్లు బస్తాలే ఇస్తారట.

"ఎన్ని బర్లున్నయమ్మా?" అన్నాడు తూకం దగ్గర మనిషి, గేదెల కోసం అనుకుని.

"ఒక్కటే. మా నాన్న."

ఆయన నన్నొకసారి చూశాడు. ఏమనుకున్నాడో, ఒక కవరు నిండా పోసి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. ఊరికే తెచ్చిన తవుడు చెల్లదని కొమురమ్మ అంటుందేమోనని, నీరజ బలవంతంగా ఇరవై రూపాయలు అక్కడ పెట్టింది. ఒక్క మధ్యాహ్నంలో ఇన్ని నియమాలు ఎలా పట్టుబడ్డాయో ఈ బ్యాంకు ఉద్యోగికి.

నేను వీటిని నమ్మను. ముప్పై అయిదేళ్లు కరెంటుతో పనిచేసినవాణ్ణి. అయినా కొమురమ్మ చెప్పినట్టు వాకిలి మూల, ఊడ్చి పోగేసిన చెత్త పక్కన, ప్యాంటు మడుచుకుని నేల మీద కూర్చున్నాను. ఎదురింటివాళ్లు బయటకు వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. వాళ్లకు తెలిసిన పనే.

నీరజ తవుడును చేటలోకి వంపి, ముసలమ్మ కొంగులో పోసింది. ఆమె వేళ్లతో తవుడును తడిమి చూసుకుంది. రెండుసార్లు తడిమింది.

"ఇచ్చిన" అంది. "ఇగ నాకు కొడుకు లేడు. నీ పిల్లగాడు. ఎత్తుకోని తీస్కపో."

"ఎత్తుకోవాలా?" అంది నీరజ.

"కొన్నంక ఎత్తుకోకుంటె ఎట్ల?"

నేను డెబ్బై ఎనిమిది కిలోల మనిషిని, తనకేమో ఐదో నెల. నేను మోకాళ్లు పట్టుకుని లేచాను. వద్దులే అమ్మా అనబోయాను. నీరజ రెండు చేతులూ నా చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది. మధ్యలో ఆ కడుపు నాకు తగులుతోంది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో ఉంచేశాను. మా అమ్మ కోసం ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఎంత బిగుసుకుపోయావు నాన్నా. కాస్త ఒళ్లు వదులు చెయ్యి."

"నాకు అలవాటు లేదమ్మా."

"నాకూ లేదు" అంది, వదలకుండానే. "ఇంకా నాలుగు నెలలుంది కదా, ఇద్దరం నేర్చుకుందాం."